రోజుకో భాగాహారం

మా నాన్న నీళ్ళ మీటర్లు చూసేవాడు. రోజుకి నూట ఇరవై ఇళ్ళు. గేటు తీయడం, గోడవారన గుంత మీది ఇనపమూత ఎత్తడం, మోకాళ్ళ మీద వంగి అద్దం మీద బురద తుడవడం, అంకెలు పుస్తకంలో ఎక్కించడం, మూత వేసి పక్కింటికి పోవడం. ముప్ఫై ఏళ్ళు ఇదే పని. ఇంటికొచ్చాకైనా కూర్చుంటాడా అంటే అదీ లేదు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉండేవాడు. "ఈయన్ని కూర్చోబెట్టాలంటే కాళ్ళకి తాడు కట్టాలి" అనేది అమ్మ. అమ్మ విసుక్కున్నా ఆయన వినిపించుకునేవాడు కాదు, ఎందుకంటే కాళ్ళు తిరుగుతున్నంతసేపూ బుర్రలో అంకెలు తిరుగుతుండేవి.

కంటపడ్డ ప్రతి అంకెనీ విరగ్గొట్టడం ఆయన జబ్బు. బస్సు నంబరు, టికెట్టు నంబరు, గోడ గడియారం వెనక అచ్చేసిన నంబరు, దేన్నీ వదిలేవాడు కాదు. నన్ను బళ్ళో చేర్పించిన రోజున రిజిస్టరులో నా నంబరు నాలుగు వందల ముప్ఫై ఏడు అని రాశారు. మా నాన్న హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీదికి వంగి, "పంతొమ్మిదీ ఇరవై మూడూ గుణిస్తే వస్తుందండీ" అన్నాడు, అదేదో నా సుగుణమైనట్టు. ఆవిడ ఆయన వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. నాకు ఆరేళ్ళు, అయినా సిగ్గుతో చచ్చిపోయాను. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ శేషం అనేవారు. చదివింది ఎనిమిదో తరగతి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయనకి పంపుహౌసు డ్యూటీ కూడా తగిలించారు. అక్కడ ఊరంతటికీ నీళ్ళు పోయే పెద్ద మీటరు ఉంది. దాని ఒంటి మీద ఇత్తడి రేకు, రేకు మీద పది అంకెలు: 2854521419. రెండు వందల ఎనభై అయిదు కోట్ల నలభై అయిదు లక్షల పైచిలుకు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మూడుతో చూశాడు, ఏడుతో చూశాడు, పదకొండు, పదమూడు, పదిహేడు, అలా వందదాకా చూశాడు. దేనితోనూ పోలేదు.

"మొండిది దొరికిందే" అన్నాడు అమ్మతో. ఒకటితోనూ, తనతోనూ తప్ప దేనితోనూ పోని సంఖ్యకి ఆయన పెట్టుకున్న పేరు మొండిది. పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అంటారని తర్వాత తెలిసింది, కానీ ఆ మాట ఆయన నోటికి అతకలేదు.

"మీకు తోడు దొరికిందన్నమాట" అంది అమ్మ.

అది నిజంగా మొండిదని తేల్చాలంటే చిన్న మొండి సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. ఎంతవరకు? ఏ సంఖ్యయినా రెండుగా విరిగితే ఆ రెంటిలో చిన్నది ఒక హద్దు దాటదు. ఆ హద్దు దాని వర్గమూలం, దీనికి యాభై మూడు వేల నాలుగు వందల ఇరవై ఏడు. అంతలోపు మొండివి అయిదు వేల నాలుగు వందల చిల్లర. గ్రంథాలయంలో పాత పట్టికల పుస్తకం ఒకటి ఉంటే, చలికాలమంతా సెలవు రోజుల్లో వెళ్ళి వాటిని చేత్తో ఎత్తి రాసుకొచ్చాడు.

ఆ తర్వాత రోజుకొకటి. డ్యూటీకి వెళ్ళేముందు పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర ఒకే ఒక్క భాగాహారం. "రెండోది చేస్తే అందులో తొందర ఉంటుంది, తొందరలో తప్పుంటుంది" అనేవాడు. మనిషికి ఎక్కడా లేని నిదానం ఆ పావుగంటలో వచ్చేది. చిత్తు కాగితం మీద లెక్క చేసి, నోటుబుక్కులో ఒక్క వరస రాసేవాడు: ఏ సంఖ్యతో భాగించాడో, భాగఫలం ఎంతో, శేషం ఎంతో. ఆపైన తొమ్మిదుల పరీక్ష. ఒక్కో సంఖ్యలోని అంకెల్ని ఒంటి అంకె వచ్చేదాకా కూడుతూ పోయి, మొదటి రెంటినీ గుణించి, మూడోది కలిపితే, చివరికి ఎప్పుడూ అయిదే రావాలి. ఎందుకంటే ఆ పది అంకెల్ని కూడినా అయిదే వస్తుంది. అయిదు వస్తే పక్కన టిక్కు. రాకపోతే లెక్క మళ్ళీ మొదటికి.

రెండేళ్ళ తొమ్మిది నెలలకి వెయ్యి టిక్కులు పడ్డాయి. ఆ వారంలోనే ఒక ఇంటి దగ్గర మీటరు గుంత మూత ఆయన కుడిచేతి మీద పడింది. మణికట్టు విరిగి పిండికట్టు వేశారు. నలభై రోజులు పెన్సిలు పట్టడానికి లేదు.

"అమ్మలూ, నువ్వు చేస్తావా?" అని అడిగాడు. నాకు పదకొండేళ్ళు. బళ్ళో భాగాహారాల్లో నేనే ఫస్టు. ఎగిరి గంతేశాను.

ఆరు రోజులు బుద్ధిగా చేశాను. ఏడో రోజున పక్కింటి వాళ్ళ పిల్ల కొత్త సైకిలు తెచ్చింది. బడికి ముందు అరగంట తొక్కనిస్తానంది. నేను వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను, బయట గంట మోగుతోంది. మా నాన్న వాకిట్లో ఒంటిచేత్తో బూట్లు తుడుచుకుంటున్నాడు. పైవరసలో భాగఫలం చూసి మొదటి మూడంకెలు దాదాపుగా వేశాను. మిగతా మూడూ నోటికొచ్చినవి వేశాను. శేషం మాత్రం జాగ్రత్తగా ఎంచుకున్నాను, తొమ్మిదుల పరీక్షలో అయిదు వచ్చేట్టు. రెండు నిమిషాల్లో అయిపోయింది. నాన్న వచ్చి, అంకెలు కూడి, అయిదు రాగానే ఎడమచేత్తో వంకరగా టిక్కు పెట్టి, "శభాష్" అన్నాడు.

మర్నాడు కూడా అదే చేశాను. ఆ మర్నాడు కూడా. పిండికట్టు విప్పేదాకా ముప్ఫై నాలుగు వరసలు అలాగే నింపాను. సైకిలు తొక్కడం బాగా వచ్చింది.

చిన్నపిల్ల చేసిన పనేగా అని మీరనొచ్చు, నేనూ చాన్నాళ్ళు అదే అనుకున్నాను. కానీ ఆ తర్వాత పన్నెండేళ్ళపాటు ప్రతి ఉదయం పక్కనున్న వంటింట్లోంచి పెన్సిలు గీస్తున్న చప్పుడు వింటూ నిద్రలేచాను. పదిహేనేళ్ళు వచ్చినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. పద్దెనిమిదికి మళ్ళీ అనుకున్నాను. ఆలస్యమైన కొద్దీ నోరు రాలేదు. అయిదు వేలల్లో ముప్ఫై నాలుగు ఎంత, సరిగ్గా అందులోనే ఉంటుందా ఏమిటి అని సర్దిచెప్పుకునేదాన్ని. సర్దుకున్న మనసు సాయంత్రానికి మళ్ళీ పీకేది.

నాకు ఇరవై మూడో ఏట నాన్న ఆఖరి వరస రాశాడు. టిక్కు పెట్టి, పుస్తకం మూసి, "మొండిదేనే" అన్నాడు. అమ్మ గబగబా కాఫీ కలిపింది. ఆయన రూటులో ఉన్న నూట ఇరవై ఇళ్ళకీ ఆ మాట చెప్పాడు. కొందరు నవ్వి ఊరుకున్నారు. ఒక్కావిడ మాత్రం గేటు దగ్గరే నిలబెట్టి వివరంగా అడిగింది. ఆవిడ కాలేజీలో లెక్కల లెక్చరర్. పదిహేనేళ్ళ పుస్తకాలు అడిగి తీసుకెళ్ళి, రెండు నెలలు ఉంచుకుని, ఒక సోమవారం తానే తిరిగి తెచ్చింది.

"గురువారం మూడు గంటలకి మా పిల్లలకి వచ్చి చెప్పాలండీ. వాళ్ళకి ఓపికంటే ఏంటో చూపించాలి. మీ లెక్కలు అన్నీ చూశానని చెప్పను, అన్ని చూడటం ఎవరి వల్ల అవుతుంది? అక్కడక్కడ చూశాను, ఒక్క తప్పు లేదు" అంది.

"నేను ఎనిమిదే చదివానమ్మా" అన్నాడు నాన్న.

"నేను చదువు అడగలేదండీ."

అప్పట్లో ఆ కాలేజీలో కంప్యూటరు లేదు, ఉన్న కాలిక్యులేటర్లలో ఎనిమిది అంకెలే పడతాయి. అందువల్ల మా నాన్న మాటే సాక్ష్యం. ఆ రాత్రి నుంచి ఆయన మరీ నిలవలేకపోయాడు. ఏం మాట్లాడాలో వాకిట్లో తిరుగుతూ వల్లెవేసుకున్నాడు. చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించాడు. ముప్ఫైమంది పిల్లల ముందు నిలబడి ఆయన చెప్పబోయే మాటలో ముప్ఫై నాలుగు బొక్కలున్నాయి, ఆ సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. మంగళవారం వద్దులే అనుకున్నాను. బుధవారం కూడా వద్దులే అనుకున్నాను. గురువారం తెల్లవారి డ్యూటీకి వెళుతూ నా ముప్ఫై నాలుగు వరసలున్న పేజీ అంకెలు ఒక కాగితం మీద ఎక్కించుకుని సంచిలో వేసుకున్నాను.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. బోర్డు మీద దీపం వెలిగితే ప్లగ్గు పెట్టి, అడిగిన నంబరు కలపాలి. దీపానికీ దీపానికీ మధ్య ఒడిలో కాగితం పెట్టుకుని భాగించడం మొదలెట్టాను. 7993 పోలేదు. 8009 పోలేదు. ఎవరో పెద్దాయన ఆసుపత్రి అడిగితే సినిమా హాలు కలిపాను. సూపర్‌వైజరమ్మ వెనకనుంచి వచ్చి, "ఒంట్లో బాగాలేదా?" అంది. బాగానే ఉందన్నాను. పది పూర్తయ్యేసరికి కాస్త ధైర్యం వచ్చింది. ఇంకో గంటలో అన్నీ తేలిపోతాయి, నేను ఊరికే ఇన్నేళ్ళూ కుళ్ళిపోయానని నవ్వుకోవచ్చు అనుకున్నాను. పదిహేడోది 8147. ఒకప్పుడు నేను రాసింది: భాగఫలం 350364, శేషం 4121. ఇప్పుడు చేస్తే 350377 వచ్చింది. కింద మిగిలింది సున్నా.

మళ్ళీ చేశాను. సున్నా. వెనక నుంచి గుణించి చూశాను. పది అంకెలూ ఒక్కటి తేడా లేకుండా ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. బోర్డు మీద నాలుగు దీపాలు వెలుగుతున్నాయి, ఏదీ కలపలేదు.

కాలేజీ గేటు దగ్గర నాన్న నాకంటే ముందే వచ్చి అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. చంకలో నోటుబుక్కుల కట్ట. నన్ను చూసి నవ్వాడు. చేతిలో కాగితం పెట్టాను.

"నాన్నా, 8147తో పోతోంది."

ఆయన చదివాడు. సైకిలు స్టాండు గట్టు మీద కూర్చుని, జేబులోంచి పెన్సిలు తీసి, కాగితం వెనకవైపు తానే మొదటినుంచి చేశాడు. సున్నా దగ్గర పెన్సిలు ఆగింది.

"ఎక్కడో చెయ్యి జారింది నాకు" అన్నాడు.

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. "ఇంటికెళ్ళిపోదామా?" అన్నాను. అంతటి పిరికిదాన్ని నేను.

"పిలిచారుగా. వెళ్ళకపోతే ఏం బావుంటుంది?" అని లేచాడు.

గదిలో ముప్ఫైమంది పిల్లలు, కిటికీ పక్కన లెక్చరర్. నేను చివరి బెంచీలో కూర్చున్నాను. నాన్న సుద్దముక్క తీసుకుని ఆ పది అంకెల్ని పెద్దగా రాశాడు. కింద 8147 అనీ, దాని పక్కన 350377 అనీ రాసి, మధ్యలో గుణకారం గుర్తు పెట్టాడు. లెక్చరర్ కుర్చీలోంచి ముందుకి వంగింది.

"ఇది మొండిదని మీ మేడమ్ గారికి చెప్పాను. ఊళ్ళో అందరికీ చెప్పాను. కాదు. విరిగింది. ఇందాకే మా అమ్మాయి చూసి చెప్పింది" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, చెయ్యి మాత్రం సుద్దని నలుపుతోంది. "ఇది నేను పన్నెండేళ్ళ కిందటే పట్టుకోవాల్సింది. అప్పుడు లెక్క తప్పాను. పొరపాటు నాది."

ముందు వరసలో ఒక కుర్రాడు పక్కవాడితో, "పదిహేనేళ్ళు చేసి తప్పా?" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అయినా గదంతా వినపడింది, రెండు మూడు నవ్వులు లేచాయి. నాన్న కూడా వాళ్ళతో పాటు కాస్త నవ్వబోయాడు. అది చూడలేకపోయాను.

"ఆయన తప్పలేదు" అని లేచాను. "చెయ్యి విరిగినప్పుడు నలభై రోజులు నాచేత చేయించారు. ఆరే చేశాను. మిగతా ముప్ఫై నాలుగూ దొంగలెక్కలు రాశాను. అందులో ఉంది ఇది."

నాన్న నా వైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అర్థం కానట్టు చూశాడు.

"మరి తొమ్మిదులు కుదిరాయిగా?"

"కుదిరేట్టు రాశాను నాన్నా."

ఆయన బోర్డు వైపు తిరిగాడు. నిలబడే ఉన్నాడు. ఆ వీపు చూస్తే ఆయన లోపల ఏం కూడుతున్నాడో, ఏం తీసేస్తున్నాడో నాకు తెలిసిపోయింది. నాలుగు వేల నాలుగు వందల ఉదయాలు. విరిగిపోయిన సంఖ్యని విరుగుతుందా లేదా అని పన్నెండేళ్ళు చూశాడు. లెక్చరర్ లేచి, "కాస్త కూర్చోండి, మంచినీళ్ళు..." అంటుంటే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఇంకొకటి చెప్పాలండీ" అని 350377 చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. "ఇది మాత్రం మొండిదే. ఇది విరగాలంటే అయిదు వందల తొంభై రెండు లోపు సంఖ్య దేనితోనో పోవాలి. అలా పోతే పెద్దదీ పోయేది. ఆ లోపు మొండివి నూట ఏడే. మొదటి నూట ఏడు రోజుల్లోనే అయిపోయాయి." సుద్ద కింద పెట్టాడు. "ఆ నూట ఏడూ నేనే చేశాను."

చప్పట్లు కొట్టారు. లెక్చరర్ గట్టిగా కొట్టింది, ఆ నవ్విన కుర్రాడు కూడా కొట్టాడు. నాకు ఆయన ఆఖరి మాట తప్ప ఏమీ వినపడలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన బస్సు నంబరు చూడలేదు, టికెట్టు నంబరు చూడలేదు. ఇంటికొచ్చాక అమ్మకి నేనే చెప్పాను. అమ్మ, "పోనిద్దురూ, అది అప్పుడే విరిగిపోయుంటే ఇంకోటి పట్టుకునేవారు. మీరు ఊరుకునే రకమా?" అంది. ఇంకోరోజయితే నవ్వేవాడు. "అప్పుడే ఇంకోటి పట్టుకునుంటే ఈపాటికి అదీ అయిపోయేదే" అని లోపలికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున పక్క గదిలో పెన్సిలు చప్పుడు లేదు. లేచి వెళ్ళేసరికి నా పేజీ తెరిచి బల్ల మీద పెట్టి ఉంది. నేను రాసిన ముప్ఫై నాలుగు వరసల మీదా అడ్డగీతలు ఉన్నాయి, స్కేలు పెట్టి గీసినవి. ఎక్స్ఛేంజిలో నేను చేసిన పదిహేడింటినీ తాను సరిచూసి పక్కన ఎక్కించాడు. మిగతా పదిహేడూ ఖాళీగా ఉన్నాయి.

"ఇవి చెయ్యి" అన్నాడు.

"ఎందుకు నాన్నా? విరిగిపోయిందిగా, వీటితో ఇంక పనేముంది?"

"పుస్తకంలో అబద్ధం ఉంది." పెన్సిలు నా వైపు జరిపి, "రోజుకొకటే" అన్నాడు.

కూర్చున్నాను. 8161. నా లెక్క అయ్యాక ఆయన తొమ్మిదులు చూశాడు. అయిదు వచ్చింది. అయినా టిక్కు పెట్టలేదు. పెన్సిలు తీసుకుని నా ఎదురుగానే ఆ భాగాహారమంతా తాను మళ్ళీ చేశాడు, అప్పుడు పెట్టాడు. పదకొండేళ్ళప్పుడు నా లెక్క ఆయన ఎప్పుడూ మళ్ళీ చేసి చూడలేదు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన చూసి కూడా బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. వారం దాటినా ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు, నేను చేసిన ప్రతి లెక్కా మళ్ళీ చేస్తూనే ఉన్నాడు.

పదకొండో రోజున ఏదో వీధిలో గొట్టం పగిలిందని ఆఫీసు నుంచి పొద్దున్నే మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. నేను వరస రాసి పెన్సిలు కింద పెట్టాను. 8237. భాగఫలం 346548, శేషం 5543. ఆయన పుస్తకం వైపు చూడలేదు, నా మొహం వైపు చూశాడు.

"చేశావా?"

"చేశాను."

వంగి టిక్కు పెట్టి, రెండో బూటు తొడుక్కుంటూనే గుమ్మం దాటాడు. గేటు పడ్డ చప్పుడు విన్నాక కొత్త కాగితం తీసుకుని ఆ భాగాహారం మళ్ళీ మొదటినుంచి చేశాను. శేషం అయిదు వేల అయిదు వందల నలభై మూడే వచ్చింది.